మీసాల చేపలు – ఇంటి అక్వేరియంలోవి, మన కాలువల్లోవి

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నెల ఏదైనా ఒక విషయం మీద మాట్లాడమని కార్యదర్శి గారు అడిగారు. డీఏ బకాయిల గురించీ, మోకాళ్ల నొప్పుల గురించీ నాకంటే బాగా చెప్పగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను చేపల గురించి మాట్లాడతానన్నాను. "పులుసు గురించా అండీ?" అని అడిగారాయన. పులుసు గురించి చెప్పవలసింది మా ఇంట్లో నేను కాదు. నేను చెప్పబోయేది మన మనవలు గాజు తొట్టెల్లో పెంచుకునే చేపల గురించి. అందులోనూ ఒక్క జాతి గురించి. అద్దానికి అతుక్కుని కూర్చునే నల్లటి చేప ఒకటి ఉంటుంది. షాపులో "సక్కర్ ఫిష్" అంటారు. కాస్త తెలిసినవాళ్లు "ప్లీకో" అంటారు. మీలో సగంమంది ఇళ్లలో అది ఉండే ఉంటుంది.

దీని గురించి మాట్లాడటానికి నాకున్న అర్హత రెండు వైపుల నుంచి వచ్చింది. ఉద్యోగమంతా నీటిపారుదల శాఖలో చేశాను. లాకులు, షట్టర్లు, లస్కర్లు, కాలువ గట్లు, గండ్లు, వీటి మధ్యనే నా సర్వీసు గడిచింది. రిటైరయ్యాక మనవడి కోసమని అక్వేరియం కొన్నాం. మనవడు సెలవులైపోగానే వాళ్ల ఊరు వెళ్లిపోయాడు. చేపలు నాకు మిగిలాయి. అప్పటి నుంచీ వాటిని పెంచుతున్నాను, వాటి గురించి చదువుతున్నాను. ఈ రెండు అనుభవాలూ ఒకచోట కలిసే విషయమే ఈ ప్రసంగం.

ముందుగా మన సొంత చేపల సంగతి చెప్పుకుందాం. ఇంగ్లీషులో క్యాట్ ఫిష్ అనేవాటిని మనం మీసాల చేపలు అనుకోవచ్చు. పిల్లికి ఉన్నట్టు మూతి దగ్గర మీసాలుంటాయి. ఒంటిమీద పొలుసు ఉండదు. గోదావరి జిల్లాల వాళ్లకి వీటిని పరిచయం చేయనక్కర్లేదు. అయినా ఒక్కొక్కదాని గుర్తు చెబుతాను, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

వాలుగ: పెద్ద నోరు, నిండా పళ్లు, మీసాలు రెండు జతలు. వీపు మీద రెక్క చాలా చిన్నది. పొట్ట కింది రెక్క మాత్రం తోకదాకా సాగి ఉంటుంది. తోటి చేపల్ని మింగే రకం. ఒకప్పుడు మనిషి పొడుగున్న వాలుగల గురించి చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా తగ్గిపోతున్న చేపల జాబితాలో దాని పేరు చేరింది.

జెల్ల: మీసాలు నాలుగు జతలు. వీపు మీద ఒక ముల్లు, రెండు పక్కలా రెండు ముళ్లు. గుచ్చుకుంటే ఆ పూటకి అన్నం కలుపుకోలేం. తోకకి ముందు వీపు మీద మెత్తని చిన్న కొవ్వు రెక్క ఒకటి ఉంటుంది.

మార్పు: తల చదునుగా, గట్టిగా ఉంటుంది. మీసాలు నాలుగు జతలు. వీపు రెక్క మెడ దగ్గర మొదలై తోక దాకా ఉంటుంది, కానీ దానికి ముల్లుండదు. బురదలోనైనా గాలి పీల్చుకుని బతుకుతుంది. దీనికి దగ్గరి చుట్టమే ఆఫ్రికన్ క్యాట్ ఫిష్. కోళ్ల వ్యర్థాలు వేసి దొంగచాటుగా పెంచుతున్నారని మనం తరచు చదివేది దాని గురించే. దాని పెంపకాన్ని మన దేశంలో నిషేధించారు.

ఇంగిలాయి: చూడటానికి మార్పులాగే ఉంటుంది గానీ వీపు రెక్క బొటనవేలి గోరంత. పక్క ముళ్లలో విషం ఉంటుంది. వరి చేలల్లో పనిచేసినవాళ్లకి దాని పోటు తెలుసు.

ఈ నాలుగూ మన నీళ్లలో పుట్టి, మన వరదలకీ మన ఎండలకీ అలవాటుపడ్డ చేపలు. ఇప్పుడు అతిథి దగ్గరికి వద్దాం.

ప్లీకో మన చేప కాదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అమెజాన్, ఒరినోకో, పరానా నదుల నీళ్లు. ప్లీకో అనే మాట "ప్లీకోస్టోమస్" అనే శాస్త్రీయ నామానికి కుదింపు. గ్రీకులో మడత నోరు అని అర్థం. ఈ కుటుంబంలో ఒక చేపకి స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లోనే ఈ పేరు పెట్టాడు. నేడు ఈ కుటుంబంలో వెయ్యికి పైగా జాతులున్నాయి. వాటన్నిటికీ ఉమ్మడి లక్షణాలు రెండు. ఒకటి, నోరు మూతి చివర కాకుండా కింద, గుండ్రంగా ఉంటుంది. ఆ నోటితో రాయికో, కర్రకో, అద్దానికో అతుక్కుంటుంది. రెండు, ఒంటి నిండా ఎముక పలకలు, వరుసలు వరుసలుగా కవచంలాగా ఉంటాయి. వేలితో తాకితే గరుకు కాగితంలా తగులుతుంది. మన మీసాల చేపల్లో ఏ ఒక్కదానికీ ఇలాంటి కవచం లేదు. కాలువలో దొరికిన చేప మనదా, పరాయిదా అని అనుమానం వస్తే ఈ ఒక్క గుర్తు చాలు.

మరి ప్లీకోల్లో ఏది ఏదో తెలుసుకోవడం ఎలా? ఇది ఎందుకు ముఖ్యమంటే, షాపులో రెండంగుళాల పిల్లలుగా ఉన్నప్పుడు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వాటిలో ఒకటి నాలుగైదు అంగుళాల దగ్గర ఆగిపోతుంది. ఇంకొకటి అడుగున్నర పెరుగుతుంది. షాపువాడు రెంటినీ సక్కర్ అనే అమ్ముతాడు.

గుర్తు వీపు రెక్కలో ఉంది. పాఠ్యపుస్తకాల్లో దాన్ని వాజం అంటారు. కళ్లజోడు పెట్టుకుని, చేప అద్దానికి అతుక్కుని రెక్క విప్పినప్పుడు చూడండి. ముందు ఒక గట్టి ముల్లు ఉంటుంది. దాని వెనక గొడుగు ఊచల్లాగా సన్నని పుల్లలుంటాయి. ఆ పుల్లల్ని లెక్కపెట్టండి. ఏడో ఎనిమిదో ఉంటే ఒక రకం. తొమ్మిదికి మించి, పది, పన్నెండు, పదమూడు ఉంటే అది తెరచాప రెక్క ప్లీకో. శాస్త్రీయ నామం టెరిగోప్లిక్తిస్. దాని వీపు రెక్క నిజంగానే పడవ తెరచాపంత ఉంటుంది. మన దేశంలో "సక్కర్" పేరుతో అమ్ముడుపోయేవాటిలో ఎక్కువ భాగం ఇదే. అడుగున్నర పెరిగేది కూడా ఇదే.

పొట్ట వైపు చూస్తే ఇంకొంత తెలుస్తుంది. అద్దానికి అతుక్కున్నప్పుడు పొట్ట మనకి బాగా కనిపిస్తుంది. తెల్లని పొట్ట మీద విడివిడిగా నల్లటి చుక్కలుంటే ఒక జాతి. చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, పురుగులు పాకినట్టు వంకర గీతలుంటే ఇంకో జాతి. రెండూ కలిసి సంకరం కావడం వల్ల సగం చుక్కలు, సగం గీతలు ఉన్నవీ దొరుకుతాయి. మనకి అంత సూక్ష్మం అవసరం లేదు. రెండూ అడుగు దాటి పెరుగుతాయి, రెండూ ఒకే పని చేస్తాయి.

చిన్న తొట్టికి తగిన ప్లీకో వేరే ఉంది. దాన్ని బ్రిసిల్‌నోజ్ అంటారు. వీపు రెక్కలో ఏడెనిమిది పుల్లలే ఉంటాయి. మగచేప పెద్దదయ్యాక మూతి మీద చిన్న చిన్న కొమ్మల్లాంటివి మొలుస్తాయి. చూడటానికి వింతగా ఉంటుంది గానీ సాధువైన చేప. నాలుగైదు అంగుళాలు పెరిగి ఆగిపోతుంది. మా ఇంట్లో ఉన్నది ఇదే.

ఇంకా అరుదైన ప్లీకోలకి షాపుల్లో పేరు బదులు నంబరు రాస్తారు, ఎల్-46, ఎల్-18 అని. ఇది మన సర్వే నంబర్ల వంటిది. శాస్త్రవేత్తలు పేరు పెట్టేలోపే కొత్త కొత్త చేపలు అమ్మకానికి రావడంతో జర్మనీలో ఒక అక్వేరియం పత్రిక 1988లో ఈ నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎల్-46 అంటే నలుపు తెలుపు చారల జీబ్రా ప్లీకో. బ్రెజిల్‌లో షింగూ నదిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా ఉండదు. 1991లో దానికి శాస్త్రీయ నామం వచ్చింది. చూడండి విచిత్రం. ఒకే కుటుంబంలో ఒక చేప సొంత నదిలోనే అంతరించిపోయే స్థితిలో ఉంది. ఇంకొక చేప పరాయి దేశాల నదుల్ని ఆక్రమిస్తోంది.

మీసాల చేపల్లో ఇంకో మోసం గురించి కూడా చెప్పాలి. షాపులో "షార్క్" అని వెండి రంగులో మెరిసే చిన్న చేపల్ని అమ్ముతారు. పిల్లలు షార్క్ అనగానే ముచ్చటపడతారు. అది సొరచేప కాదు, దానికి సంబంధించినదీ కాదు. భీమవరం, కైకలూరు వైపు చెరువుల్లో "ఫంగస్" అని టన్నులు టన్నులు పెంచుతున్నారే, ఆ పంగాసియస్ పిల్లే అది. ఆగ్నేయాసియాలో మెకాంగ్ నది చేప. మూడడుగులు దాటి పెరుగుతుంది. చెరువులో కిలో లెక్కన అమ్మేదాన్ని మనం అద్దాల పెట్టెలో పెట్టుకుని, పెరిగిపోయిందే అని ఆశ్చర్యపోతున్నాం.

ఇక పెంచడం సంగతి. ముందు కొలతలు చూద్దాం. తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి మూడూ గుణించండి. వచ్చినదాన్ని 28తో గుణిస్తే సుమారు ఎన్ని లీటర్లో వస్తుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో 56 లీటర్లు. మనలో చాలామంది ఇళ్లలో ఉన్నది ఇదే. బ్రిసిల్‌నోజ్‌కి దీనికి రెట్టింపు, అంటే వంద లీటర్లయినా ఉంటే హాయిగా ఉంటుంది. తెరచాప ప్లీకోకి పెద్దయ్యాక ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టి కావాలి. లెక్క వేస్తే 670 లీటర్లు. నీళ్ల బరువే 75 కిలోల ధాన్యం బస్తాలు తొమ్మిది. హాల్లో తొమ్మిది బస్తాలు ఒకచోట పేర్చి పెట్టుకోగలనా అని ఆలోచించుకుని ఆ చేపని కొనాలి. మరో లెక్క కూడా ఉంది. ఈ చేప పదిహేనేళ్ల దాకా బతుకుతుంది. మూడో తరగతి మనవడికి కొనిస్తే వాడి ఇంజనీరింగ్ పూర్తయ్యేదాకా ఉంటుంది.

రెండోది తిండి. "ఇది ఉంటే తొట్టి కడగక్కర్లేదు, నాచంతా అదే తినేస్తుంది" అని షాపులో చెబుతారు. చిన్నప్పుడు నాచు తింటుంది, నిజమే. కానీ నాచు మాత్రమే తిని ఏ ప్లీకో బతకదు. అది తిన్నదానికి సరిపడా మలం కూడా వేస్తుంది. ఒక్క పెద్ద ప్లీకో ఉన్న తొట్టి, అది లేని తొట్టి కంటే తొందరగా మురికి అవుతుంది. ఎన్నో ఇళ్లలో ఇవి పొట్టలు లోపలికి పీక్కుపోయి ఆకలితో చచ్చిపోతాయి. ఎండిపోయినట్టు కనిపించినా, కవచం ఉండటం వల్ల మనకి తొందరగా తెలియదు. పొట్ట గుంటపడిందేమో చూసుకోవాలి. సాయంత్రం దీపం ఆర్పాక ఇవి తిరగడం మొదలుపెడతాయి, అందుకని రాత్రిపూట వేయాలి. కీరదోస ముక్క, సొరకాయ ముక్క, బీరకాయ ముక్క, పాలకూర ఆకు వేడినీళ్లలో ఒక్క పొంగు రానిచ్చి, చల్లార్చి, స్టీలు చెంచాకి గుచ్చి అడుగుకి దించండి. పురుగుమందు పోయేలా ముందు బాగా కడగాలి. తెల్లవారాక మిగిలింది తీసేయాలి, లేకపోతే నీరు పాడవుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు మునిగే రకం బిళ్లల మేత వేయొచ్చు.

మూడోది కర్ర. చాలా ప్లీకోలు కర్రని గీరుతాయి. కర్ర కింద దాక్కుంటాయి కూడా. బాగా ఎండిన గట్టి కర్ర ముక్కని ఉడకబెట్టి, వారం పదిరోజులు నీళ్లలో నానబెట్టి వేయండి. నీళ్లు కాస్త టీ రంగులోకి మారతాయి, భయపడక్కర్లేదు.

నాలుగోది నీరు. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బకెట్లలో పట్టి ఒకరోజంతా మూత లేకుండా ఉంచితే చాలావరకు పోతుంది. వారానికి నాలుగో వంతు నీరు మార్చాలి. మొత్తం నీళ్లన్నీ పారబోసి, ఫిల్టరు స్పాంజీని కుళాయి కింద తళతళలాడేలా కడిగేస్తే ఇల్లు శుభ్రంగా ఉంటుంది గానీ చేపలు చస్తాయి. ఎందుకంటే ఆ స్పాంజీలో మేలుచేసే సూక్ష్మజీవులుంటాయి. చేప మలంలోంచి వచ్చే అమ్మోనియా విషాన్ని అవే విరిచేస్తాయి. స్పాంజీని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు నిలదొక్కుకోవడానికి నెల పైన పడుతుంది. తొట్టి కొన్న రోజే పది చేపలు వేస్తే పదిరోజుల్లో ఖాళీ అవడానికి కారణం అదే.

ఐదోది వేసవి. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. మే నెలలో కరెంటు పోతే చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి కొని పెట్టుకోండి. అది లేకపోతే చెంబుతో తొట్టి నీళ్లే తీసి, ఎత్తు నుంచి ధారగా పోస్తుండండి.

మరో జాగ్రత్త. ప్లీకోని వలతో పట్టవద్దు. ముళ్లు, పలకలు దారాల్లో చిక్కుకుంటాయి, విడదీసేసరికి రెక్కలు చిరుగుతాయి. ప్లాస్టిక్ డబ్బాలోకి తోలి ఎత్తాలి. మందుల విషయంలో కూడా మీసాల చేపలు సున్నితం. ఉప్పైనా, రాగి కలిసిన మందులైనా మిగతా చేపలకి వేసినంత వీటికి వేయకూడదు.

ఇంతవరకూ సరదా మాటలు. ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న సంగతికి వస్తాను.

రెండంగుళాల సక్కర్ రెండేళ్లలో అడుగు దాటుతుంది. రెండడుగుల తొట్టిలో అది వెనక్కి తిరగాలంటే తోకని వంచుకోవాలి. మొక్కల్ని పీకేస్తుంది. రాత్రిపూట దబదబమని చప్పుడు చేస్తుంది. అప్పుడు ఇంట్లో ఒక మాట వస్తుంది. "పాపం, మూగజీవి. చంపితే పాపం. కాలువలో వదిలేస్తే దాని బతుకు అది బతుకుతుంది." ఈ మాట అనేది చెడ్డవాళ్లు కాదు, దయగలవాళ్లే. సాధారణంగా ఆ సంచీ పట్టుకుని కాలువ గట్టుకి వెళ్లేది ఖాళీగా ఉన్న తాతగారే. అంటే మనమే. అందుకే ఈ మాట వేరే ఎక్కడో కాకుండా ఈ సభలో చెప్పాలనుకున్నాను.

ఆ చేపకి కాలువలో శత్రువు లేదు. ఒంటి నిండా కవచం, మూడు ముళ్లు. కొంగ మింగలేదు. నీళ్లు తగ్గితే కడుపులోకి గాలి మింగి బతుకుతుంది. ఒడ్డున పడేసినా తడి ఉంటే గంటలు గంటలు చావదు. మన కాలువలు వేసవిలో కట్టేస్తారు కదా, అప్పుడు మడుగుల్లో మిగిలిన బొచ్చె, శీలావతి ఉక్కిరిబిక్కిరై చనిపోతాయి. ఇది బురదలో ఉండి, నీరు వదిలేదాకా ఎదురు చూస్తుంది.

అది గుడ్లు పెట్టేది ఎక్కడో తెలుసా? గట్టులో. మగచేప నీటిమట్టం దగ్గర మట్టిగట్టుని తొలుచుకుంటూ సొరంగం చేస్తుంది. ఒక్కోటి రెండు మూడడుగుల లోతు దాకా ఉంటుంది. ఆ సొరంగంలో ఆడచేప వందల కొద్దీ గుడ్లు పెడితే, పిల్లలయ్యేదాకా మగచేప కాపలా కాస్తుంది. ఒకటి తవ్విన చోట పక్కపక్కనే ఇంకా తవ్వుతాయి. అమెరికాలో ఫ్లోరిడా, టెక్సాస్‌లలో ఇలా జల్లెడలా తయారైన గట్లని శాస్త్రవేత్తలు కొలిచి రాశారు.

నీటిపారుదల శాఖలో పనిచేసినవాణ్ని కాబట్టి నాకు ఈ సంగతి చదివినప్పుడు నిద్రపట్టలేదు. మనది మట్టిగట్ల దేశం. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచీ ఈ డెల్టా అంతా మట్టిగట్ల మీదే బతుకుతోంది. విజ్జేశ్వరం దగ్గర మొదలై ఆఖరి పొలం దాకా నీటిని పట్టి ఉంచేది సిమెంటు కాదు, ఆ మట్టే. పీత బొరియ ఒకటి, ఎలుక బొరియ ఒకటి, వాటిలోంచి చెమ్మ, చెమ్మ నుంచి ధార, ధార నుంచి గండి. వర్షాకాలంలో రాత్రిపూట లస్కర్లు లాంతర్లు పట్టుకుని గట్ల మీద తిరిగేది దీనికోసమే. అలాంటి గట్టుకి మూడడుగుల సొరంగం తవ్వే చేపని మన చేతులతో మనమే తెచ్చి ఇస్తే ఎలా? మన ఊళ్లలో మంచినీళ్ల చెరువులు కాలువ నీటితోనే నింపుతారు. కాలువలో ఉన్నది చెరువులోకి రావడానికి ఒక్క తూము చాలు.

ఇది ఎప్పుడో జరగబోయేది కూడా కాదు. కృష్ణా, గోదావరి కాలువల్లో, కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో ఈ చేప వలల్లో పడుతున్నట్టు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. డెవిల్ ఫిష్ అనీ, దెయ్యం చేప అనీ రాస్తున్నారు. హైదరాబాదులోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ పరిశోధనశాల వారు నీళ్లలో కలిసిన డీఎన్ఏని బట్టి ఈ చేప ఉనికిని కనిపెట్టే పరీక్ష తయారు చేశారు. చేపని పట్టనక్కర్లేదు, సీసాడు నీళ్లు చాలు. తూర్పు కనుమల ప్రాంతంలో ఈ పరీక్ష చేసి చూస్తే జలాశయాల్లో సుమారు 60 శాతం దాకా ఇది వ్యాపించినట్టు తేలింది. 2023లో ఆ సంగతి బయటికి వచ్చింది. అదే సంవత్సరం బంగ్లాదేశ్ ప్రభుత్వం తన దేశంలో ఈ చేపని నిషేధించింది. మెక్సికోలో ఇన్ఫియెర్నిల్యో అనే పెద్ద జలాశయంలో తిలాపియా పట్టుకుని బతికే వేలమంది జాలరుల వలల్లో చివరికి ఈ చేపే ఎక్కువగా పడసాగింది. ఫిలిప్పీన్స్‌లో దీన్ని జానిటర్ ఫిష్ అంటారు, అంటే ఊడ్చే చేప. తొట్టి ఊడుస్తుందని తెచ్చుకున్నారు, అది నదిలో చేరి జాలరుల బతుకు ఊడ్చింది.

రెండేళ్ల కిందట కాలువ కట్టేసిన రోజుల్లో నేను పొద్దున్నే గట్టు మీద నడుస్తుంటే మడుగులో వల వేస్తున్న ఒకాయన పిలిచాడు. "పెద్దాయనా, ఇదేం చేపో చెబుతారా? ఎవరూ కొనడం లేదు, తినడం లేదు" అని ఒకదాన్ని చూపించాడు. అడుగు పైన ఉంది. పొట్ట మీద వంకర గీతలు. వీపు రెక్క విప్పి లెక్కపెట్టాను, ముల్లు తర్వాత పన్నెండు పుల్లలు. అమెజాన్ చేప గోదావరి బురదలో నా చేతిలో ఉంది. ఆయన చేప కంటే వల గురించి ఎక్కువ బాధపడ్డాడు. ముళ్లకి చిక్కుకుని వల రెండు చోట్ల మూరెడు మేర చిరిగింది. "జెల్లలు పడితే రెండొందలొచ్చేవి. ఇది పడితే వల బాగుకి నేనే ఎదురు పెట్టుకోవాలి" అన్నాడు. మన దయాగుణానికి ఖర్చు చెల్లిస్తున్నది ఆయన.

అందుకని పుణ్యపాపాల లెక్క కూడా కాస్త మళ్లీ వేసుకుందాం. ఒక చేపని కాలువలో వదిలి ఒక ప్రాణం కాపాడామనుకుంటాం. దాని సంతానం మన జెల్ల గుడ్లు తింటుంది, నాచు తినే మన చేపపిల్లల నోటి ముందు కూడు తీసేస్తుంది, ఆ గట్టు మీద ఆధారపడ్డ రైతు చేనుకి ఎసరు పెడుతుంది. గంగలో వదిలినంత మాత్రాన అన్నీ పుణ్యమే అవ్వవు.

మరి పెరిగిపోయిన చేపని ఏం చేయాలి? ముందు, కొన్న షాపుకే తిరిగి ఇవ్వండి. డబ్బు అడగకుండా ఇస్తే చాలామంది తీసుకుంటారు. లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్లకి ఇవ్వండి. ఎవరూ తీసుకోకపోతే, బాధ కలగకుండా ముగించడం ఒక్కటే మార్గం. లవంగ నూనెని కొద్ది గోరువెచ్చని నీళ్లలో బాగా గిలక్కొట్టి, చేప ఉన్న బకెట్‌లో కొంచెం కొంచెంగా కలిపితే ముందు మత్తులోకి పోతుంది. తర్వాత మోతాదు పెంచి, మొప్పలు కదలడం పూర్తిగా ఆగిపోయాక ఇంకో అరగంట ఉంచి, మట్టిలో పాతిపెట్టాలి. వినడానికి కష్టంగా ఉందని నాకు తెలుసు. ఒడ్డున ఎండలో పడేసి రావడం ఇంతకంటే క్రూరం, పైగా వాన వస్తే అది పాక్కుంటూ నీళ్లలోకి పోతుంది. కాలువ, చెరువు, నుయ్యి, గుడి కోనేరు, మురుగుకాలువ, ఏదీ వద్దు. మురుగుకాలువ కూడా చివరికి కలిసేది మన నీళ్లలోనే. తొట్టి నీళ్లు మార్చినప్పుడు కూడా కాలువలో పోయకండి, మొక్కలకి పోయండి. ఆ నీళ్లకి కనకాంబరాలు ఎంత బాగా పూస్తాయో మా ఇంటికొచ్చి చూడండి.

అన్నిటికంటే మంచిది, మొదటే సరైన చేపని కొనడం. పిల్లలు అడిగితే వాళ్లని వెంటబెట్టుకుని షాపుకి వెళ్లండి. పుల్లలు లెక్కపెట్టమనండి. ఏడెనిమిదే ఉండి, బ్రిసిల్‌నోజ్ అని తేలితే తీసుకోండి. మీసాల చేపే కావాలంటే కోరిడోరస్ అని రెండంగుళాల చిన్నవి ఉంటాయి, ఐదారు కలిపి పెంచితే రోజంతా అడుగున ఇసుక వెతుక్కుంటూ చూడముచ్చటగా తిరుగుతాయి. మన చారల జెల్ల కూడా అక్వేరియంలో చక్కగా బతుకుతుంది. చిన్న చేపలతో కలపకూడదు, మింగేస్తుంది. మనవడికి మన నీళ్ల చేప పేరు ఒకటి తెలిసినట్టూ ఉంటుంది.

చివరిగా సంఘం ముందు మూడు మనవులు ఉంచుతున్నాను. ఒకటి, మనలో టీచర్లుగా రిటైరైనవారు చాలామంది ఉన్నారు. పాత పరిచయంతో దగ్గర్లోని బడులకి వెళ్లి ఒక పీరియడ్ ఈ విషయం పిల్లలకి చెప్పండి. బొమ్మలు నేను గీసి ఇస్తాను. రెండు, పెరిగిపోయిన చేపల్ని ఇవ్వదలచినవారు మన సంఘం ఆఫీసులో చెబితే, తీసుకునేవారి వివరాలు ఒక పుస్తకంలో రాసిపెడదాం. ఆ పని నేను చూసుకుంటాను. మూడు, కాలువ గట్టు మీద మనం రోజూ పొద్దున్నే నడుస్తాం. నీరు తగ్గినప్పుడు గట్టులో వరుసగా పిడికిలి పట్టేంత బొరియలు కనబడితే, చూసీ చూడనట్టు పోకుండా నీటిపారుదల శాఖ వారికీ, మత్స్యశాఖ వారికీ ఒక మాట చెప్పండి. జీతం తీసుకున్నన్నాళ్లూ ఈ నీళ్లకి కాపలా కాశాం. పెన్షన్ తీసుకుంటున్నప్పుడు మానేయాలని ఏ జీవోలోనూ లేదు.

 మీ ఇంట్లో ఉన్న చేప ఏదో తెలియకపోతే ఫోటో తీసుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి. వీపు రెక్కా, పొట్టా రెండూ కనిపించేలా తీయండి. కలిసి లెక్కపెడదాం.